రేగులపెల్లి పెద్ద దర్వాజ

హన్మకొండ,
8 నవంబరు 1982

మహారాజశ్రీ మామ వెంకట్రాజం గారి దివ్యసముఖానికి,

ఈ ఉత్తరం చదివే కష్టం నీకు కలిగించబోతున్నందుకు ముందే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో రాబోయే అతిశయోక్తులకు, అనవసర వర్ణనలకు, అక్కడక్కడ పొరపాటున దూరే నిజాలకు కూడా. డోర్నకల్ గేటు కాడ పచ్చజెండా ఎర్రజెండా పట్టుకుని లోకాన్ని కాపాడే మనిషి కాలాన్ని, ఎం.ఏ. హిస్టరీ చదివే ఒక మేనల్లుడు దోచుకోవడం నేరం. తెలిసి చేస్తున్న నేరం కనుక రెండింతల క్షమాపణ. ఇక గూడ్సు బండి వచ్చేలోగా చదివెయ్యి.

నాకు పని దొరికింది. అత్తను నవ్వొద్దని చెప్పు. మా ప్రొఫెసర్ కిషన్ రావు సారు జిల్లాలోని పాత ఇండ్లు, కోటల్లాంటి దొరల గడులు, గుళ్ళు ఊరూరా తిరిగి చూసి, కొలిచి, ఫోటోలు తీసి, ఏవి కూలక ముందే కాపాడాలో చెప్పే పని పెట్టుకున్నాడు. కొలిచే టేపుకు రెండు కొసలుంటాయి కదా. ఒక కొస సారు పట్టుకుంటాడు, రెండో కొసకు ఎం.ఏ. చదివినవాడు కావాలట. ఆ మహత్తర బాధ్యత నా మీద పడింది.

ఇప్పటిదాకా చాలా చూశాం. జఫర్‌గఢ్ గుట్ట ఎక్కాం. ఎక్కుతుంటే సారు చెప్పు తెగింది, చరిత్ర మీద ప్రేమ మాత్రం తెగలేదు. ఘన్‌పురం దిక్కు ఒక పాత గుడిలో ఎవరో గడ్డివాము పెట్టుకున్నారు. మంటపం నడుమ ఒక బర్రె పడుకుని, నెమరు వేస్తూ, పైకప్పు మీది చెక్కడాలను చూస్తున్నది. అంత నిదానంగా వాటిని చూసినవాళ్ళు మా బృందంలో కూడా లేరు. ఇంకో ఊళ్ళో పాత పట్వారీ ఇల్లు. నగిషీ స్తంభాలు, నడుమ వాకిలి. సారు ఒక్కో స్తంభాన్ని కౌగిలించుకుని కొలుస్తుంటే ఇంటి ముసలమ్మ తలుపు చాటు నుంచి, "కుటుంబ నియంత్రణోళ్ళా బిడ్డా? మా ఇంట్ల అందరం ముసలోళ్ళమే" అన్నది. సారు రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు వార్త కింద దాచాను. వచ్చే నెల మన రేగులపెల్లి గడి చూడబోతున్నాం. హైదరాబాదులో ఉండే చిన్న దొర తాళాలు పంపించాడు. ఆ తాళపు గుత్తి ఇప్పుడు నా ట్రంకు పెట్టెలో, బనీన్ల కింద ఉంది. అంటే మామా, నేనిప్పుడు గడి మనిషిని. నాతో జర మర్యాదగా మాట్లాడాలి.

ఇట్లు,
గడి తాళాల ధర్మకర్త,
భాస్కర్


డోర్నకల్,
15-11-82

చిరంజీవి అల్లుడు భాస్కర్‌కు మామ దీవించి రాసేది.

నీ ఉత్తరం ముట్టింది. మొదటి నాలుగు లైన్లు చదివి ఎవలన్న సచ్చిపోయిండ్రేమో అనుకున్న, అంతగనం క్షమాపణ ఉండె. మీ అత్త చేతిల చాట ఇడిసిపెట్టి ఏడుపు అందుకునేటందుకు తయారైంది. మొత్తం చదివినంక తెలిసింది, నువ్వు మంచిగనే ఉన్నవని.

గని అల్లుడా, గడి మనిషినైన అని రాసినవ్. ఆ ముచ్చట నాకు నచ్చలే. మీ తాత ఆ గడిల చేసిన కొలువు మన ఇంటికి ఏడు తరాలకు సరిపోతది. ఆయనను తోలుకపోయి దర్వాజ కాడ నిలబెట్టిన్నాడు ఆయనకు మీసాలు రాలే. నువ్వు ఇంత సదువు సదివి మళ్ళ చిన్న దొర తాళాలు నడుముకు కట్టుకుంటవా? మీ అత్త ఆ రోజు అన్నం తినలే. ఆ పని ఎంటనే బందు పెట్టు.

బందు పెట్టకముందు ఒక పని చెయ్యి.

చిన్న దొర గడిని ఇప్పి కట్టె అమ్ముతాండని ఇక్కడ టేకు వ్యాపారం చేసేటోళ్ళు అనుకుంటాండ్రు. నిజమే అయితే నాకు ఆ ముందటి పెద్ద దర్వాజ కావాలె. వేరే ఏ కట్టె వద్దు. నీకు ఎరుకే, వచ్చే ఏడు నేను రిటైర్ అయిత. కాజీపేటల జాగ తీసుకున్న, గట్టయ్య మేస్త్రి పునాది లేపిండు. ఆ ఇంటికి ఆ దర్వాజ పెడ్త.

ఎందుకంటవా. బాపు, అదే మీ తాత, రోజూ పొద్దుగాల ఆ దర్వాజ అడ్డకర్ర లేపి, రెండు రెక్కలు నూకి తెరుస్తుండె. మాపటికి మూస్తుండె. తెరిచేది ఆయన, అండ్లకెల్లి పోయేది దొర. ఆయన రాకడ పోకడ మాత్రం ఆ రెక్కల కింద ఉన్న దిడ్డిలకెల్లి. మేక పట్టేంత తలుపు అది. నడుము ఇరగ వంగాలె. నేను చిన్నగున్నప్పుడు బువ్వ గిన్నె పట్టుకొని పోయి, బాపు ఆ బొందలకెల్లి తలకాయ బైటికి పెడితే చూస్తుంటి. ఎన్నడన్న ఒక్కరోజు ఆయనను ఆ పెద్ద దర్వాజలకెల్లి నిలబడి నడిపియ్యాలె. అది నా ఇంటికే అయితే ఇంకా మంచిది. గృహప్రవేశం నాడు ముంగట ఆయన నడుస్తడు, ఎనుక నేను.

బాపుకు చెప్పకు. మీ అమ్మ చిలుకమ్మకు అసలే చెప్పకు, దానికి చెప్తే ఊరందరికి చెప్పినట్టే.

మీ అత్త మాట: చలికాలం, గుట్టలెక్కేటప్పుడు మఫ్లర్ కట్టుకో.

మామ,
వెంకట్రాజం


హన్మకొండ,
22 డిసెంబరు 1982

మామా,

మఫ్లర్ కట్టుకునే రాస్తున్నాను. ముందు ఒక విన్నపం. నేను ఎవరి కొలువులోనూ లేను. తాళాలు దర్వాజవి, నేను యూనివర్సిటీవాణ్ణి. అత్తను అన్నం తినమను.

మొన్న ఆదివారం జీపులో రేగులపెల్లి పోయాం. గడి ముందర చెప్పులు విప్పకుండా నడిచిన మొదటి మనిషిని మన వంశంలో నేనే అనుకుంటా. నడిచి, ఏమవుతుందోనని వెనక్కి తిరిగి చూశాను. ఒక కోడి చూసింది. అంతకు మించి ప్రళయం రాలేదు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ ఆ బాటన పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకుంటుంది. గడిలో ఎవరూ లేరమ్మా, గబ్బిలాలే ఉన్నాయంటే, "ఉంటే ఉండనియ్యి, నా కాళ్ళు నా ఇష్టం" అంటుంది.

గడి లోపల దొర తీర్పులు చెప్పిన కచ్చేరి, వడ్లు పోసే గుమ్ములు, డంగు సున్నం గోడలు, నాలుగు మూలల బురుజులు. బురుజుల్లో పావురాలు కాపురం పెట్టాయి. కానీ సారు కన్ను వీటి మీద పడలేదు, పెద్ద దర్వాజ మీద పడింది. మామా, దాన్ని నువ్వు ఈ మధ్య చూసినట్టు లేదు. నా భుజాల మీద నేనే నిలబడినా దాని పైకొస అందదు. రెక్కల నిండా ఇనుప ములుకులు. ఏనుగులు గుద్దకుండా పెట్టారట. రేగులపెల్లికి ఏనాడూ ఏనుగు రాలేదు. వచ్చిందంతా మన జనమే. ఎడమ రెక్క అడుగున నువ్వు చెప్పిన దిడ్డి. పరిశోధన కోసం అందులోంచి దూరాను. నెత్తికి కట్టిన బొప్పి ఇంకా తగ్గలేదు.

సారు ఆ టేకును చేత్తో నిమురుతూ, "ఇది ఇక్కడి నుంచి కదలొద్దోయ్ భాస్కర్" అన్నాడు. ఇంట్లో మేడమ్‌తో కూడా అంత మెత్తగా మాట్లాడడని నాకు ఖాయంగా తెలుసు. అప్పుడు నేను, నీ తరఫున, చేతులు కట్టుకుని మనవి చేశాను: "సార్, దీనికి సంబంధం కుదిరింది. వరుడు కాజీపేట, రైల్వే ఉద్యోగం, సొంత ఇల్లు." సారు కడుపుబ్బ నవ్వాడు. కాదనలేదు మామా, నవ్వాడు. కనుక ఇక నువ్వు పందిరి వేసుకోవచ్చు.

అయితే ఒక చిన్న ఇబ్బంది. నువ్వు కట్టేది రెండర్రల ఇల్లు. దానికి ఆ దర్వాజ పెడితే ఇల్లు దర్వాజకు వెనకాల తగిలించిన సంచి లెక్క ఉంటది.

పెండ్లి పెద్ద,
భాస్కర్


డోర్నకల్,
9-1-83

చి. అల్లుడికి,

సల్లగుండు బిడ్డా. నువ్వు ఉత్త నవ్వులాటగానివే అని మీ అత్తతోని ఎన్నోసార్లు అన్న. ఆ మాట ఎనుకకు తీసుకుంటాన్న. పెద్ద సారుతోని మాట్లాడి ఖాయం చేసినవంటే మాటలా.

నీ ఉత్తరం అందిన ఎంటనే లీవు పెట్టి కాజీపేట పోయిన. గట్టయ్య మేస్త్రికి చెప్పి ముందటి గోడ ఎత్తు పెంచిపిచ్చిన. నడుమ దర్వాజ పట్టేటంత సందు ఇడిసిపెట్టినం. గట్టయ్య, "వెంకట్రాజన్నా, ఇది ఇల్లా, సినిమా టాకీసా? టికెట్లు ఏ కిటికీల అమ్ముతవ్?" అన్నడు. అననియ్యి. పక్కింటోళ్ళు బస్సు పెడ్తరేమో అనుకుంటాండ్రట. దర్వాజ వచ్చినంకనే పైకప్పు. అప్పటిదాక సందుకు గోనె సంచులు కుట్టి పర్ద కట్టినం. రోజూ మేకలు జొరబడి సిమెంటు బస్తాల మీద పండుకుంటాన్నయ్. మీ అత్త, "మనిషి ఇంటికి దర్వాజ పెట్టుకుంటడు, నా మొగడు దర్వాజకు ఇల్లు పెడ్తాండు" అని వచ్చినోళ్ళకల్ల చెప్తాంది.

ఫికర్ లేదు. లారీ మాట్లాడిన. ఏ రోజు పంపాలెనో రాయి.

నీకు ఒక ముచ్చట చెప్త, ఎవ్వలకూ చెప్పలే. పెద్ద దొర బతికున్నప్పుడు ఒక్కసారి ఆయన కారు నా గేటు కాడికి వచ్చింది. బండికి ఇంకా టైమున్నది. నేను చూసి చూసి గేటు ఏసిన. దొర అద్దం దించి చూసిండు, నన్ను గుర్తుపట్టలే. నేను జెండా పట్టుకొని సక్కగ నిలబడ్డ. బండి వచ్చి పోయినంక కూడ జరసేపు ఆగి తీసిన. ఆ మాట బాపుకు చెప్తే సంబురపడ్తడనుకున్న. ఆయన నవ్వలే. "గేటు ఎవ్వనిదైతేంది రా, తీసేది మనమే గద" అన్నడు. ఆ మాట నాకు ఇప్పటిదాక సమజ్ కాలే.

మామ,
వెంకట్రాజం


హన్మకొండ,
2 ఫిబ్రవరి 1983

మామా,

ఈసారి క్షమాపణ అసలుది. ఎట్లా రాయాలో అలవాటు లేదు కనుక తప్పులుంటే దిద్దుకో.

సారుతో నేను ఖాయం చేయలేదు. సంబంధం, వరుడు, పందిరి, అంతా నా నోటిదూల. నా జోకుకు నువ్వు గోడ కడతావని కలలో కూడా అనుకోలేదు. నీ ఉత్తరం చదివి రెండు పూటలు ఎవరితోనూ పరాచికాలాడలేదు. నా రూమ్మేటు దవాఖానకు తీసుకుపోదామా అని కూడా అడిగాడు.

ఇంకో వార్త కూడా చెప్పాలి. చిన్న దొర గడిని కూల్చి కట్టె అమ్మాలనుకున్న మాట నిజమే. కిషన్ రావు సారు హైదరాబాదు పోయి, ఆయన ముందర కూర్చుని, కాళ్ళు ఒక్కటి పట్టుకోలేదు గానీ మిగతావన్నీ చేసి ఒప్పించాడు. గడి కూలదు. అందరూ వచ్చి చూసే పాత కట్టడంగా ఉంటుంది. బోర్డు పెట్టారు: 'చూడవచ్చును, తాకరాదు'. మన ఊరి మొండయ్యను కావలి పెట్టారు. ఖాకీ అంగీ వేసుకుని పొద్దున్నే సెల్యూట్ ప్రాక్టీసు చేస్తున్నాడు. హన్మకొండ నుంచి, కాజీపేట నుంచి ఆదివారాలు జనం టిఫిన్ డబ్బాలతో వస్తున్నారు. కచ్చేరిలో కూర్చుని పులిహోర తింటున్నారు. దొర కూర్చున్న చోట పిల్లలు మూతి తుడుచుకుంటున్నారు. ఇదీ నీ దర్వాజ నీ ఇంటికి రాకపోవడానికి కారణం. నా మట్టుకు ఇది మంచి కారణమే అనిపించింది. ఆ గడి ఇప్పుడు దొరది కాదు మామా, అందరిది.

దర్వాజ నీ ఇంటికి రాలేదు కనుక నువ్వే దర్వాజ దగ్గరికి రా. రెస్టు రోజు చూసుకుని ఒకసారి వచ్చి లోపలంతా తిరిగి చూడు. మొండయ్యకు చెప్పి పెడతాను. ఇంటికి మాత్రం మామూలు తలుపు పెట్టించు, మేకలు పాపం ఎన్ని రోజులు సిమెంటు మీద పడుకుంటాయి.

తప్పు చేసిన,
భాస్కర్


డోర్నకల్,
21-2-83

భాస్కర్‌కు,

నువ్వు రమ్మంటివి గద, పోయిన.

రెస్టు నాడు పొద్దుగాల్ల బండెక్కి, మళ్ళ బస్సు పట్టుకొని రేగులపెల్లి దిగిన. చిలుకమ్మ ఇంటికి కూడ పోలే. సక్కగ గడి కాడికే పోయిన. మంచి అంగీ ఏసుకున్న, చెప్పులేసుకున్న. పెద్ద దర్వాజ మూసి ఉన్నది. మొండయ్య స్టూలు మీద కూసున్నడు. చిన్నప్పుడు నాతోని గోలీలాడినోడే.

"ఏం బావా, గడి సూడ వచ్చినవా? రా రా" అని దిడ్డి తీసిండు.

"పెద్దది తియ్యి" అన్న.

"అది బరువు బావా. ఒక్కనితోని కాదు. అందరు ఈ దిడ్డిలకెల్లే పోతాండ్రు. జర వంగు, అయిపాయె."

"మా బాపు ఒక్కడే తీస్తుండె."

"ఆయన ముచ్చట వేరు. జర వంగరాదు, పోయేదేమున్నది?"

నేను వంగలే. అట్లనే నిలబడ్డ. అంతట్లకే ఒక జీపు వచ్చింది. ఎవలో ఆఫీసర్లు, ఆడోళ్ళు. మొండయ్య స్టూలు తన్ని లేచి లోపటికి ఉరికిండు. ఇద్దరిని పిలిచి అడ్డకర్ర లేపిండు. రెండు రెక్కలు తెరిచిండు. జీపు అట్లనే లోపటికి పోయింది. మల్ల మూసిండు. మూసి, నా దిక్కు చూసి, "ఆఫీసర్లు బావా" అన్నడు.

నేను ఎనుకకు మర్లిన.

అందరిది అని రాసినవ్ అల్లుడా. అందరిది దిడ్డి దాకనే. నువ్వు సదువుకున్నవ్, టేపు పట్టి గోడలు కొలిచినవ్, బురుజులు కొలిచినవ్. అది కొలవలే. వాళ్ళ గడి పది కాలాలు నిలవాలె, నా ఇంటికి గోనె పర్ద ఉండాలె. నువ్వు వాళ్ళ దిక్కున్నవ్ అని అంటలే. టేపు ఆ కొస పట్టుకున్నోనివి ఆ కొసనే ఉంటవ్.

గట్టయ్యకు ఆ సందు ఇటుకలతోని మూసెయ్యమని చెప్పిన. బాపుకు ఇవేవి చెప్పకు. నాకు ఉత్తరం రాయకు.

వెంకట్రాజం


(పోస్టుకార్డు)

డోర్నకల్,
17-3-83

భాస్కర్‌కు,

రాయకు అన్న గని ఇప్పుడు రాయాలె. నిన్న ఒక కానిస్టేబుల్ నా గేటు కాడికి వచ్చిండు. ఎవలో రేగులపెల్లి గడి దిడ్డిని మేకులు కొట్టి బిగిచ్చిండ్రట. మొండయ్య నా పేరు చెప్పిండట, "రైల్వే ఆయన కోపం మీద పోయిండు, ఆయనే" అని. నేను ఆ దినం డ్యూటీల ఉన్న. కానిస్టేబుల్‌ను గేటు అవతలనే నిలబెట్టి, ప్యాసింజరు పోయినంకనే మాట్లాడిన. గని రిటైరు ముంగట కేసు పడితే ఇన్నేండ్ల నౌకరి ఏమైతది? మీ అత్త దేవునికి మొక్కుతాంది. నువ్వే చేసినవా? అవునా కాదా, ఒక్క ముక్క రాయి. నీ క్షమాపణలు వద్దు.

వెంకట్రాజం


రేగులపెల్లి,
22 మార్చి 1983

మామా,

క్షమాపణలు వద్దన్నావు కనుక ఈ ఉత్తరంలో ఒక్కటి కూడా లేదు. అత్తను మొక్కులు ఆపమను. కేసు లేదు, రాదు. ఎందుకు రాదో చివర రాస్తాను. ముందు జరిగింది జరిగినట్టు విను.

నీ ఫిబ్రవరి ఉత్తరం హన్మకొండలో చదివి, అదే రోజు బస్సెక్కి ఊరికి వచ్చాను. తాతకు చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు, చదివి వినిపించాను. ఆయన అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. చదవడం అయ్యాక తాత అడిగిండు:

"మొండిగాడు మా వెంకట్రాజంను దిడ్డిలకెల్లి రమ్మన్నడా?"

"రమ్మన్నడు తాతా."

"మనోడు పోయిండా?"

"పోలే. ఎనుకకు మర్లిండు."

తాత బీడీని అరుగుకు రాసి ఆర్పి, "దర్వాజ ఇంటికెందుకట వానికి?" అన్నడు.

"నువ్వు అండ్లకెల్లి నిలబడి నడవాల్నని."

తాత నవ్విండు మామా. దగ్గు వచ్చేదాకా నవ్విండు. "వాడు చిన్నప్పటి సంది గంతే. అది తీసి తీసి నా జబ్బ పోయింది. పీడ పోయిందని నేను సంబురపడ్తాంటే, దాన్ని లారీల ఏసుకొని ఇంటికి తెస్తడా? మల్ల పొద్దుగాల్ల లేచి తీసేదెవ్వలు, మీ అత్త సమ్మమ్మనా? రైల్వేల గేటు ఏసి తీసి, వానికి గేటు లేని ఇల్లు ఇల్లనిపిస్తలేదు."

అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నా బతుకులో నవ్వాల్సిన చోట నవ్వకపోవడం అదే మొదటిసారి. నువ్వు ఆయన కోసం గోడ లేపావు. నేను ఆయన మనవణ్ణని చెప్పుకుంటూ ఆ గడినంతా కొలిచాను. ఏం కావాలని ఇద్దరిలో ఒక్కడు కూడా ఆయనను అడగలేదు.

నేను హన్మకొండకు తిరిగి పోయాను. మార్చిలో మళ్ళీ వచ్చినప్పుడు ఒక పగటిపూట తాత తానే అన్నడు, "అందరికి గడి చూపెడ్తాన్నవట గద. నాకు చూపెట్టవా?" సరేనని తీసుకుపోయాను. మొండయ్య దిడ్డి తీసిండు, తీసి అన్నానికి ఇంటికి పోయిండు. తాత వంగి లోపటికి వచ్చిండు. నేను అలవాటు ప్రకారం మొదలుపెట్టాను: "ఇది కచ్చేరి తాతా, ఇది డంగు సున్నం..." "నాకు తెల్వదా" అన్నడు. కచ్చేరి దిక్కు చూడను కూడా చూడలే. తలరుమాలు విప్పిండు. అందులో సుత్తె. బొడ్డు సంచిలో మేకులు.

దిడ్డిని దగ్గరికి లాగి, లోపటి నుంచి మేకులు కొట్టిండు. నిదానంగా, మంచం నులక బిగించినట్టు. బురుజుల్లో పావురాలన్నీ లేచి పోయాయి. నేను ఆపలేదు. చరిత్ర విద్యార్థిని కదా, జరిగేదాకా చూడాలి.

తర్వాత అడ్డకర్ర దగ్గరికి పోయిండు. నేను చెయ్యి వెయ్యబోతే, "జరుగు, నీకు చాతగాదు" అన్నడు. దాన్ని లేపలే మామా, ఒక కొస భుజానికి ఆనించి పక్కకు జరిపిండు. ఒక రెక్క నూకిండు. ఆగి, ఊపిరి తీసుకుని, రెండోది నూకిండు. బయట బాట, మీద ఎండ. తాత నడిచిండు. గడప దాటేటప్పుడు తల వంగింది. పైన ఏనుగు పట్టే జాగ ఉన్నది, అయినా వంగింది. బయటికి పోయి ఆగిండు. ఏదో మరిచిపోయినట్టు మళ్ళ లోపటికి వచ్చిండు. మళ్ళ నడిచిండు. రెండోసారి వంగలే.

మొండయ్య ఎంగిలి చేత్తో ఉరికొచ్చిండు. "ఏందే పెద్దయ్యా ఇది?"

"దిడ్డి కరాబైంది రా మొండిగా. ఇగ ఎవలొచ్చినా దీన్నే తియ్యి."

ముసలాయన పేరు పోలీసులకు చెప్పడానికి మొండయ్యకు నోరు రాలేదట. అందుకని నీ పేరు చెప్పిండు. గవర్నమెంటు నౌకరిలో ఉన్నవాణ్ణి పోలీసులు ఏమీ అనరని ఆయన నమ్మకం. నీ మీద గౌరవంతోనే చెప్పిండని నా ముందర ఒట్టు పెట్టిండు.

ఇక కేసు సంగతి. కిషన్ రావు సారు వచ్చిండు. దిడ్డి చూసి పాలిపోయిండు. టేపు తీసిండు. నేను రెండో కొస పట్టుకుని మేకులు కొలిచాను. ఎవరు కొట్టారోయ్ అన్నడు. గడి పాత గేట్‌మన్ సార్, ఆయన అనుభవం ప్రకారం దిడ్డి అవసరం లేదట అన్నాను. సారు నా ముఖం చూసిండు, దిడ్డి చూసిండు. చివరికి మేకులు పీకితే పాత టేకు చీలిపోతుంది కనుక ముట్టుకోవద్దని మొండయ్యకు గట్టిగా చెప్పి, స్టేషనుకు పోయి, కావలివాడిగా మొండయ్య ఇచ్చిన ఫిర్యాదును వాపసు తీయించిండు. ఇప్పుడు మొండయ్య, తోడు ఇంకొకన్ని పెట్టుకుని, లోపటే ఉండి, వచ్చిన ప్రతివాడికీ పెద్ద దర్వాజ తీస్తున్నాడు. గొర్రెల కాపరికీ అదే, ఆఫీసర్‌కూ అదే. ఖాకీ అంగీ చంకల్లో చిరిగింది.

తాత నీకు చెప్పమన్న మాట ఇది, ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "ఇంటికి మామూలు తలుపు పెట్టమను. గోడ తక్కువ చేసి పైకప్పు ఎయ్యమను, వానలొస్తయి. నేను వచ్చిన్నాడు తలుపు వాడు తియ్యాలె. నేను నడిచి లోపటికి వస్త." ఉగాది పోయినంక బయలుదేరుతడట. అమ్మ ఇప్పుడే మూట కడుతున్నది.

నువ్వు ఒక్క ముక్కలో జవాబు అడిగావు. ఇదిగో: కాదు. మేకులు నేను తేలేదు. సుత్తె పట్టలేదు. సలహా ఇవ్వలేదు. అడ్డకర్ర మీద చెయ్యి వేయనివ్వలేదు. దర్వాజ మీద నా వేలిముద్ర ఒక్కటి కూడా దొరకదు.

ఒక మేకు మాత్రం, టేకు గట్టిది కనుక, సగంలో వంకర పోయింది. తాత దాన్ని పీకి పక్కకు పారేసిండు. దాన్ని ఏరుకుని, గడి మెట్టు మీద పెట్టి, రాయితో కొట్టి సాపు చేసి, మళ్ళ తాత చేతిలో పెట్టింది నేనే.

నీ అల్లుడు,
భాస్కర్